రీబోర్ చేసిన ఐదు హెచ్‌పీ ఇంజన్ నిజంగా ఐదు ఇస్తోందా? ఇంటి దగ్గరే కొలిచే పద్ధతి

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. పొలంలో 1500 ఆర్పీఎం మీద నడిచే పాత ఐదు హెచ్‌పీ డీజిల్ పంపు ఇంజన్ ఉంది. ఈ మధ్యే సిలిండర్ రీబోర్ చేయించి, అంటే అరిగిన లోపలి గోడను కోయించి, పిస్టన్, రింగులు మార్పించారు. మెకానిక్ "ఫుల్ పవర్ వచ్చేసింది" అంటున్నాడు. మీకేమో నీళ్లు మునుపటంత పోస్తున్నట్టు అనిపించడం లేదు. కారు ఆల్టర్నేటర్ బిగించి, బల్బులు వెలిగించి వాట్లు లెక్కగడితే సరిపోతుందా, లేక వేరే పరికరం ఏదైనా తయారు చేసుకోవాలా అన్నది ప్రశ్న. పవర్ వీడర్ మీది పెట్రోల్ ఇంజన్ కూడా కొలవాలన్నారు.

ఇంజనీరింగ్ కాలేజీ థర్మల్ ల్యాబులో ఇలాంటి సింగిల్ సిలిండర్ ఇంజన్లను చాలా ఏళ్లు టెస్ట్ చేశాను, చేయించాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఆల్టర్నేటర్ దారి వద్దు. చెక్క దిమ్మెలతో పట్టే బ్రేకు తయారు చేసుకోండి. ఇనుము, వెల్డింగ్, లేత్ పని తెలిసిన షాపు ఒకటి దగ్గరలో ఉంటే చాలు.

అయితే పరికరం మొదలుపెట్టే ముందు ఒక టాకోమీటర్, అంటే షాఫ్టు నిమిషానికి ఎన్ని చుట్లు (ఆర్పీఎం) తిరుగుతోందో చూపే మీటరు, కొనండి. మెరిసే స్టిక్కర్ అంటించి, దూరం నుంచి లైటు వేసి చదివే డిజిటల్ రకం. పంపు నడుస్తుండగా ఇంజన్ ఆర్పీఎం చూడండి. సెంట్రిఫ్యూగల్ పంపు నీళ్లను ఎంత ఎత్తుకు నెట్టగలదన్నది వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. 1500 బదులు 1400 మీద నడుస్తుంటే ఆ ఎత్తు 13 శాతం పడిపోతుంది. ఇంజన్‌లో పవర్ ఉండి కూడా గవర్నర్ (ఇంజన్ వేగాన్ని పట్టి ఉంచే భాగం) స్ప్రింగ్ సెట్టింగ్ తప్పడం వల్ల నీళ్లు తగ్గిన సందర్భాలు చాలా ఉంటాయి. ఆర్పీఎం సరిగ్గా ఉండి, బావిలో నీటిమట్టం మునుపటిలాగే ఉండి కూడా నీళ్లు తగ్గాయంటే అప్పుడు ఫుట్‌వాల్వ్, ఇంపెల్లర్ లాంటి పంపు సంగతులు వేరే చూడాలి. లోడ్ పడగానే ఆర్పీఎం జారిపోతుంటే మాత్రం ఇంజన్‌ను అనుమానించాలి, కొలవాలి.

ఆల్టర్నేటర్ ఎందుకు వద్దంటే, 65 ఆంపియర్ల కారు ఆల్టర్నేటర్ ఇచ్చేది మహా అయితే 900 వాట్లు. మీ ఇంజన్ ఇవ్వాల్సింది 3.7 కిలోవాట్లు. అంటే నాలుగో వంతు లోడు కూడా పడదు. పైగా దాని ఎఫిషియెన్సీ సగానికి కాస్త అటూ ఇటూ ఉంటుంది, వేగంతోనూ వేడితోనూ మారుతుంది. బల్బుల దగ్గర 800 వాట్లు కనబడితే లోపలికి పోయింది 1300 వాట్లా, 1600 వాట్లా చెప్పలేం. మధ్యలో బెల్టు తినేది వేరే. జనరేటర్ సెట్‌లో వాడే ఐదు కేవీఏ ఆల్టర్నేటర్ చేతిలో ఉంటే కథ వేరు, దాని గురించి చివర్లో చెబుతాను.

ఇంజన్ పవర్ తెలియాలంటే రెండే అంకెలు కావాలి. షాఫ్టు ఎంత బలంగా తిరుగుతోంది, ఎంత వేగంగా తిరుగుతోంది. వేగానికి టాకోమీటర్ ఉంది. బలానికి పది కిలోల వంటింటి డిజిటల్ కాటా సరిపోతుంది. ఈ రెండూ ఇవాళ చవకగా, కచ్చితంగా దొరుకుతాయి. చాలామంది కుర్రవాళ్లు లోడ్ సెల్, దాని బోర్డు, ఫోన్‌లో గ్రాఫ్ అంటూ అక్కడే డబ్బు, సమయం పోస్తారు. కష్టం ఉన్నది అక్కడ కాదు. ఇంజన్ ఇచ్చే 3.7 కిలోవాట్లూ బ్రేకు దగ్గర వేడిగా మారతాయి. ఆ వేడిని ఎటు పంపాలి, ఆ వేడిలోనూ బ్రేకు పట్టు ఒకే తీరుగా ఎలా నిలవాలి అన్నదే అసలు పని. మీ డబ్బూ శ్రమా అక్కడ పెట్టండి.

ఈ బ్రేకు పద్ధతి 1821లో ఫ్రాన్స్‌లో గాస్పార్ ద ప్రోనీ అనే ఇంజనీరు కనిపెట్టింది. ఇప్పటికీ పుస్తకాల్లో ప్రోనీ బ్రేకు అనే అంటారు. తిరిగే డ్రమ్మును రెండు చెక్క దిమ్మెల మధ్య బిగిస్తారు. ఆ దిమ్మెలకు ఒక పొడుగాటి చెయ్యి బిగించి ఉంటుంది. డ్రమ్ము తిరుగుతూ చెక్కలను తనతో లాక్కుపోవాలని చూస్తుంది. చెయ్యి కొన కాటా మీద ఆనుకుని ఉంటుంది కాబట్టి పోలేదు, కాటాను నొక్కుతుంది. ఆ నొక్కుడు ఎన్ని కిలోలో కాటా చెబుతుంది. రాపిడి ఎంత, చెక్క ఏ రకం, డ్రమ్ము వ్యాసం ఎంత అన్నవేవీ లెక్కలోకి రావు. ఈ పద్ధతిలో ఉన్న గొప్పతనం అదే.

చెయ్యి పొడవు దగ్గర ఒక చిట్కా ఉంది. డ్రమ్ము మధ్య బిందువు నుంచి కాటాను తాకే మొన వరకు అడ్డంగా సరిగ్గా 716 మిల్లీమీటర్లు పెట్టండి. అప్పుడు కాటా కిలోలను ఆర్పీఎంతో గుణించి వెయ్యితో భాగిస్తే నేరుగా మెట్రిక్ హార్స్‌పవర్ వస్తుంది. ఎందుకంటే టార్క్‌ను, అంటే షాఫ్టు తిప్పే బలాన్ని (కాటా కిలోలు ఇంటూ చెయ్యి పొడవు మీటర్లలో), ఆర్పీఎంతో గుణించి 716తో భాగిస్తే హార్స్‌పవర్ అన్నది అసలు సూత్రం. చెయ్యి పొడవులోనే ఆ 716ను ఇమిడ్చేస్తున్నాం. కిలోవాట్లలో కావాలంటే 974 మిల్లీమీటర్లు పెట్టుకోవచ్చు, లెక్క అదే. 716 చెయ్యితో ఐదు హెచ్‌పీ ఇంజన్ 1500 దగ్గర కాటాను 3.33 కిలోలతో నొక్కాలి. కాటా పది గ్రాముల తేడా చూపిస్తే అది అర శాతం కూడా కాదు. మెట్రిక్ హార్స్‌పవర్ 735.5 వాట్లు, ఇంగ్లిష్ హార్స్‌పవర్ 745.7 వాట్లు. ఈ రెంటికీ ఒకటిన్నర శాతం తేడా ఉంటుంది కాబట్టి ఇంజన్ ప్లేటు మీది కిలోవాట్లతోనే పోల్చుకోవడం మంచిది.

ఇక డ్రమ్ము. చాలామంది పాత కారు బ్రేకు డ్రమ్ము తెచ్చి బిగిద్దామంటారు. లెక్క చూడండి. ఎనిమిది కిలోల పోత ఇనుప డ్రమ్ములోకి 3.7 కిలోవాట్ల వేడి పోతే అది సెకనుకు ఒక డిగ్రీ చొప్పున వేడెక్కుతుంది. నిమిషంలో అరవై డిగ్రీలు, మూడు నిమిషాల్లో చెక్క పొగలు కక్కడం మొదలు. చెక్క మాడితే రాపిడి మారుతుంది, పట్టు జారుతుంది, ఆర్పీఎం ఎగురుతుంది, మీరు నట్టు బిగిస్తారు, మరింత మాడుతుంది. ఇంజన్ నిజమైన పవర్ తెలియాలంటే ఒక్కో లోడు మీద కనీసం ఐదు నిమిషాలు నిలకడగా నడవాలి. కాబట్టి నీళ్లు తప్పవు.

నీళ్లు పోసే తీరు ఇది. లేత్ షాపులో పది అంగుళాల ఎంఎస్ (మామూలు ఉక్కు) పైపు ముక్క, నాలుగు అంగుళాల వెడల్పుది తీసుకోండి. ఒకవైపు పది మిల్లీమీటర్ల ప్లేటు వెల్డ్ చేసి దానికి మధ్యలో షాఫ్టు దూరే, కీ వే ఉన్న బాస్ పెట్టించండి. రెండో వైపు మూసేయకుండా, అంచు చుట్టూ లోపలికి 30 మిల్లీమీటర్లు వచ్చేలా రింగు వెల్డ్ చేయించండి. అంటే లోపల చుట్టూ ఒక కాలువ ఏర్పడుతుంది. డ్రమ్ము తిరుగుతుంటే పోసిన నీళ్లు బయటికి రాకుండా ఆ కాలువలో గోడకు అతుక్కుని తిరుగుతాయి. ఒకటిన్నర లీటరు పైనే పడతాయి. బయటి ముఖం మీద బ్రేకు పడుతుంటే లోపలి ముఖం నీళ్లలో ఉంటుంది కాబట్టి డ్రమ్ము నూరు డిగ్రీలు పెద్దగా దాటదు. నీళ్లు మరిగి ఆవిరై వేడిని మోసుకుపోతాయి. పూర్తి లోడు మీద గంటకు ఐదు లీటర్ల పైచిలుకు ఆవిరైపోతాయి, కాబట్టి సన్నటి పైపుతో తగ్గినంత పోస్తూ ఉండాలి. డ్రమ్ము తిరగడం మొదలయ్యాకే నీళ్లు పోయండి. ఆపేటప్పుడు వేడినీళ్లు ఒక్కసారిగా కిందికి జారతాయి, అక్కడ కాళ్లు పెట్టకండి. వెల్డింగ్ అంతా అయ్యాకే బయటి ముఖం టర్నింగ్ చేయించి, రెండు కత్తి అంచుల మీద దొర్లించి బ్యాలెన్స్ చూడమనండి. బరువు ఉన్న వైపు కిందికి తిరిగి ఆగుతుంటే అక్కడ డ్రిల్లు వేయాలి.

ఆ డ్రమ్మును నేరుగా ఇంజన్ షాఫ్టుకు వేలాడదీయకండి. 25 మిల్లీమీటర్ల షాఫ్టుకు రెండు యూసీపీ 205 బేరింగు బ్లాకులు పెట్టి, వాటి మధ్య డ్రమ్ము బిగించి, రబ్బరు ముక్క ఉండే జా కప్లింగ్‌తో ఇంజన్‌కు కలపండి. వీ-బెల్టు పెడితే అదే నాలుగైదు శాతం తినేస్తుంది, ఆ శాతం బెల్టు బిగింపును బట్టి మారుతుంది కూడా. కప్లింగ్‌తో ఆ గొడవ ఉండదు. ఇంజన్, బేరింగులు రెండూ ఒకే ఛానల్ ఫ్రేమ్ మీద ఉండాలి. ఫ్రేమ్‌ను ఫౌండేషన్ బోల్టులతో నేలకు పట్టించండి.

దిమ్మెలకు బాగా ఎండిన తుమ్మ చెక్క మంచిది. డ్రమ్ము గుండ్రానికి సరిపోయేలా చెక్కించి, సన్నటి ఎమెరీ కాగితాన్ని డ్రమ్ముకు చుట్టి దాని మీద దిమ్మెను అటూ ఇటూ ఆడిస్తే ముఖం పూర్తిగా ఆనుతుంది. చెక్క బదులు పాత బ్రేకు లైనర్లు వాడదామనుకుంటే జాగ్రత్త. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, వాటిని రాకడం, గాలి కొట్టడం చేయకూడదు. పై దిమ్మె, కింది దిమ్మె రెంటినీ కలిపే రెండు పొడుగు బోల్టుల నట్ల కింద తప్పనిసరిగా స్ప్రింగులు పెట్టండి. మోటార్‌సైకిల్ పాత వాల్వ్ స్ప్రింగులు సరిగ్గా సరిపోతాయి. నట్టు నేరుగా చెక్కను నొక్కితే డ్రమ్ము కాస్త వ్యాకోచించినా లోడు దూకుతుంది, చెక్క కాస్త అరిగినా పడిపోతుంది. స్ప్రింగు ఉంటే ఆ చిన్న తేడాలను అది మింగేస్తుంది, నట్టు పావు చుట్టు తిప్పితే లోడు కొద్దిగా, మెత్తగా పెరుగుతుంది. పరికరం మొత్తంలో చవకైనవీ ఎక్కువ ఫలితమిచ్చేవీ ఈ రెండు స్ప్రింగులే. చెక్క కీచుమని పట్టి వదులుతూ ఉంటే కొద్దిగా గ్రీజు రాయండి.

సింగిల్ సిలిండర్ నాలుగు స్ట్రోకుల ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి పేలుతుంది. 1500 దగ్గర అది సెకనుకు పన్నెండున్నర కుదుపులు. చెయ్యి తేలికగా ఉంటే కాటా అంకె ఆ కుదుపులకు నిలవదు. చెయ్యిని రెండో వైపుకు కూడా పొడిగించి, రెండు కొనలకూ సమానంగా ఐదేసి కిలోల ఇనుప ముక్కలు బిగించండి. బరువులు ఒకదాన్నొకటి సరితూచుకుంటాయి, కానీ చెయ్యి ఊగడానికి బద్ధకిస్తుంది. అంకె ప్రశాంతంగా నిలుస్తుంది. చెయ్యి కొన కింద మొన తేల్చిన ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టు పెట్టి, కాటా మీద చిన్న ఇనుప పలక ఉంచి దానికి ఆనించండి. చెయ్యి అడ్డంగా, మట్టానికి ఉండేలా ఆ బోల్టునే ఎక్కించి దించి సరిచేసుకోవచ్చు. ఐదు డిగ్రీలు వంగినా తేడా అర శాతం లోపే, కాబట్టి దానికి టెన్షన్ పడొద్దు. పొడవు మాత్రం మొన నుంచి షాఫ్టు మధ్యకు కొలవాలి, డ్రమ్ము అంచుకు కాదు.

చెయ్యి సొంత బరువు తీసేయడం అందరూ అజాగ్రత్త చేసే పని. కాటాను సున్నా నొక్కి వదిలేయడం చాలదు, ఎందుకంటే దిమ్మెల దగ్గర ఉండే కొద్దిపాటి రాపిడి చెయ్యిని ఎటోకటు పట్టి ఉంచుతుంది. ఇలా చేయండి. నట్లు వదులు చేయండి. సిలిండర్‌లో ఒత్తిడి వదిలేసే డీకంప్రెషన్ లివర్ ఎత్తి, డ్రమ్మును చేత్తో నడిచే దిక్కుకు నెమ్మదిగా తిప్పుతూ కాటా చదవండి. తర్వాత ఎదురు దిక్కుకు తిప్పుతూ చదవండి. ఒకవైపు 0.70, మరోవైపు 0.54 వచ్చాయనుకోండి, సగటు 0.62 కిలో. అదే చెయ్యి అసలు బరువు. ఇక నడిచేటప్పుడు కాటా 3.67 చూపిస్తే లెక్కలోకి వచ్చేది 3.05. ఆర్పీఎం 1480 అయితే 3.05ను 1480తో గుణించి వెయ్యితో భాగిస్తే 4.51 హార్స్‌పవర్, అంటే 3.3 కిలోవాట్లు. లెక్క మొత్తం ఇంతే.

నడిపే ముందు భద్రత. చెయ్యికి పైనా కిందా బలమైన అడ్డుకట్టలు, అంటే నేలకు పాతిన రెండు యాంగిల్ ముక్కలు, తప్పనిసరి. చెక్క ఒక్కసారిగా పట్టేస్తే చెయ్యి తిరిగి కొడుతుంది. ఆ దెబ్బ మనిషికి తగిలితే ఎముక విరుగుతుంది. కప్లింగ్ మీద, డ్రమ్ము చుట్టూ రేకు గార్డు పెట్టండి. డ్రమ్ము తిరిగే తలంలో, అంటే దాని అంచుకు ఎదురుగా, ఎవరూ నిలబడొద్దు. తలపాగా, తువ్వాలు, చున్నీ, వదులు చొక్కా ఏవీ దగ్గరికి రాకూడదు. ఇంజన్ ఆపే లివర్‌కు తాడు కట్టి దూరం నుంచి లాగేలా పెట్టండి. గదిలో నడపొద్దు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు.

ఇంకొకటి, రీబోర్ చేసిన ఇంజన్‌ను వెంటనే పూర్తి లోడు మీద కొలవకండి. రింగులు, లైనర్ ఒకదానికొకటి సర్దుకోవాలి. తక్కువ లోడుతో, మధ్యలో పెంచుతూ తగ్గిస్తూ పాతిక ముప్పై గంటలు నడిపి, ఆయిల్ మార్చాక కొలిస్తే వచ్చే అంకెకు అర్థం ఉంటుంది. కొత్తలో రాపిడికే ఎక్కువ పవర్ పోతుంది. మీరు రీబోర్ అయ్యి ఎన్ని గంటలు నడిపారో చెప్పలేదు. ఇంకా కొత్తగానే ఉంటే మీ అనుమానానికి సగం జవాబు అక్కడే ఉండొచ్చు.

ఇంజన్‌ను ఇరవై నిమిషాలు సగం లోడు మీద నడిపి వేడెక్కనివ్వండి. తర్వాత నట్లు కొద్దికొద్దిగా బిగిస్తూ పావు, సగం, ముప్పావు, పూర్తి లోడు దగ్గర ఆగండి. ఒక్కో చోట ఆర్పీఎం, కాటా నిలిచాక రెండూ రాసుకోండి. పైకి వెళ్తూ ఒకసారి, కిందికి వస్తూ ఒకసారి చదివితే రెండింటి మధ్య తేడాయే మీ పరికరం ఎంత నమ్మదగిందో చెబుతుంది. లోడు లేనప్పుడు 1570 ఉన్న ఇంజన్ లోడు పెరిగేకొద్దీ కొంచెం కొంచెం దిగి 1500 చుట్టూ నిలుస్తుంది, అది గవర్నర్ పని. ఒక దశ తర్వాత నట్టు కాస్త బిగించగానే ఆర్పీఎం గభాల్న జారుతుంది, పొగ నల్లబడుతుంది. ర్యాక్, అంటే ఇంజెక్షన్ పంపులో డీజిల్ ఎంత పోవాలో నడిపే కడ్డీ, చివరికి వెళ్లిపోయిందని గుర్తు. జారడానికి ముందు, పొగ లేత బూడిద రంగు దాటకముందు వచ్చిన అంకెనే ఇంజన్ పవర్‌గా తీసుకోండి. నల్లపొగ మీద వచ్చిన అంకె ఎక్కువసేపు నిలవదు. ఐదు హెచ్‌పీ అని ప్లేటు మీద ఉండేది రోజంతా నడిచే పవర్. పన్నెండు గంటల్లో ఒక గంట పది శాతం ఎక్కువ లోడు కూడా మోయాలన్నది ఈ ఇంజన్లకు ఎప్పటి నుంచో ఉన్న నియమం.

మీ అంకె నిజమా కాదా అని తేల్చుకోవడానికి డీజిల్ కొలవడం కంటే మంచి దారి లేదు. గీతలున్న గాజు బ్యూరెట్ ఒకటి ట్యాంకుకూ ఫిల్టర్‌కూ మధ్య టీ పెట్టి కలపండి. ట్యాంకు వాల్వ్ మూసి, పది సీసీ తాగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. డీజిల్ లీటరు సుమారు 0.83 కిలో. పూర్తి లోడు మీద పది సీసీకి 32 సెకన్లు పట్టిందంటే గంటకు 930 గ్రాములు, లీటరుకు కాస్త పైన. ఇలాంటి చిన్న ఇంజన్ బాగుంటే కిలోవాట్-గంటకు 250 నుంచి 280 గ్రాములు తాగుతుంది. 930ని 3.7తో భాగిస్తే 251, సరిపోయింది. అదే డీజిల్‌తో మీ బ్రేకు ఏడు హార్స్‌పవర్ చూపిస్తే కిలోవాట్-గంటకు 180 గ్రాములు అవుతుంది. అది పెద్ద ఓడల ఇంజన్ల స్థాయి, పంపు ఇంజన్‌కు అసాధ్యం. అప్పుడు తప్పు చెయ్యి పొడవులోనో, తీసేసిన బరువులోనో ఉందని వెంటనే తెలుస్తుంది.

రెండో పరీక్ష టార్క్ మీద. ఐదు హెచ్‌పీ, 1500 అంటే 23.6 న్యూటన్-మీటర్లు. కాలేజీ ల్యాబుల్లో ఎక్కువగా కనిపించే కిర్లోస్కర్ ఏవీ-1 బోర్ 80, స్ట్రోక్ 110 మిల్లీమీటర్లు, 553 సీసీ. అంటే నూరు సీసీకి నాలుగు పైచిలుకు న్యూటన్-మీటర్లు. టర్బో లేని ఇలాంటి పంపు ఇంజన్ నూరు సీసీకి ఏడు దాటిందని మీ లెక్క చెబితే నమ్మకండి, మళ్లీ కొలవండి.

వాతావరణం కూడా చూసుకోవాలి. హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది, విజయవాడ ఇరవై మీటర్ల చుట్టుపక్కలే. ఆ ఎత్తుకే గాలి ఒత్తిడి ఆరు శాతం వరకు తగ్గుతుంది. ఒకే పెట్రోల్ ఇంజన్ విజయవాడ ఆటోనగర్‌లో చూపిన అంకె హైదరాబాద్ బాలానగర్‌లో చూపదు. మే నెల 42 డిగ్రీల మధ్యాహ్నానికీ, డిసెంబరు 28 డిగ్రీల ఉదయానికీ కూడా రెండు శాతం పైన తేడా వస్తుంది. కాబట్టి రిపేరుకు ముందు, తర్వాత పోల్చాలంటే ఒకే చోట, పొద్దున ఒకే వేళకు కొలవండి, ఉష్ణోగ్రత రాసిపెట్టుకోండి.

వీడర్ పెట్రోల్ ఇంజన్‌కు ఇదే పరికరం పనికొస్తుంది కానీ రెండు మార్పులతో. అది 3600 ఆర్పీఎం మీద తిరుగుతుంది. పది అంగుళాల డ్రమ్ము అంచు ఆ వేగంలో సెకనుకు 51 మీటర్లు పరుగెడుతుంది. పోత ఇనుముకు 30 మీటర్లు దాటనివ్వకూడదన్నది పాత వర్క్‌షాపు నియమం. ఉక్కు పైపు అయినా ఇంట్లో వెల్డ్ చేసిన దాన్ని అంత వేగంగా తిప్పమని నేను చెప్పను. దానికి ఆరు అంగుళాల డ్రమ్ము వేరుగా చేయించండి. లేదా రెండుకు ఒకటి పుల్లీలతో వేగం తగ్గించి, బెల్టు నష్టం ఉందని గుర్తుపెట్టుకుని చదవండి. గవర్నర్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పొద్దు. బ్రేకు జారిన క్షణంలో ఇంజన్ వేగం ఎగబాకి కనెక్టింగ్ రాడ్ విరిగి బ్లాకును చీల్చుకుని బయటికి వస్తుంది.

రెండో సంగతి, చెక్క బ్రేకు పట్టు వేగాన్ని బట్టి పెద్దగా మారదు. పెట్రోల్ ఇంజన్ టార్క్ మాత్రం ఒక వేగం దగ్గర శిఖరానికి చేరి, అంతకంటే కిందికి పోతే తగ్గుతుంది. ఆ శిఖరం దాటి కిందికి దిగితే పట్టు అలాగే ఉంటుంది, ఇంజన్ బలం తగ్గుతుంది, ఆగిపోతుంది. విలియం ఫ్రూడ్ 1877లో ఓడ ఇంజన్ల కోసం చేసిన నీటి బ్రేకులో ఈ బాధ లేదు. నీళ్లను చిలికే బ్రేకు పట్టు వేగం వర్గంతో పాటు పెరుగుతుంది, తగ్గుతుంది కాబట్టి తనంతట తానే నిలకడ చూపిస్తుంది. దాన్ని ఇంట్లో చేయడం కష్టం. మీరు 3500 నుంచి 2600 వరకే, దిగుతూ చదవండి. ఉదాహరణకు హోండా జీఎక్స్160, 163 సీసీది, కంపెనీ చెప్పే నికర అంకె 3600 దగ్గర 3.6 కిలోవాట్లు, 2500 దగ్గర 10.3 న్యూటన్-మీటర్లు. దాన్నే మునుపు ఐదున్నర హెచ్‌పీ ఇంజన్ అనేవాళ్లు. ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్ లేకుండా కొలిచిన అంకె ఒకటి, అన్నీ బిగించి కొలిచిన అంకె ఇంకొకటి. మీ వీడర్ డబ్బా మీద ఏడు అని ఉండి ఆరు లోపు వస్తే ఇంజన్ పాడైందనుకోకండి.

బరువైన చక్రాన్ని ఎంత త్వరగా వేగం పెంచుతుందో చూసి పవర్ లెక్కగట్టే పద్ధతి కూడా చాలామంది చూపిస్తున్నారు. గవర్నర్ ఉన్న పంపు ఇంజన్‌కు అది పనికిరాదు. నలభై కిలోల చక్రం 3600 మీద పగిలితే గోడ కూడా ఆగదు, ఇంటి దగ్గర వద్దు.

ఇందాక చెప్పిన ఐదు కేవీఏ ఆల్టర్నేటర్ ఉంటే, దాని బాడీని ఫ్రేముకు బిగించకుండా రెండు వైపులా బేరింగుల మీద ఊగేలా నిలబెట్టండి. బాడీకే 716 మిల్లీమీటర్ల చెయ్యి వెల్డ్ చేసి కాటాకు ఆనించండి. నీళ్ల డ్రమ్ములో ఒక్కో కిలోవాట్ హీటర్ రాడ్లు వేసి ఒక్కొక్కటీ ఆన్ చేస్తూ పోతే లోడు మెట్లు మెట్లుగా పెరుగుతుంది. కాటా టార్క్‌నే చదువుతుంది కాబట్టి ఆల్టర్నేటర్ ఎఫిషియెన్సీతో పని లేదు. చెక్కా లేదు, మాడటమూ లేదు. ఎర్తింగ్ పక్కాగా ఉండాలి, రాడ్లు ఆన్‌లో ఉండగా నీళ్లలో చెయ్యి పెట్టకూడదు.

ఇక అంకెలు వచ్చాక ఏం చూడాలో. నాలుగు లోడుల దగ్గరా గంటకు తాగిన డీజిల్‌ను నిలువుగా, పవర్‌ను అడ్డంగా పెట్టి గ్రాఫ్ కాగితం మీద చుక్కలు పెట్టండి. మొదటి మూడూ దాదాపు ఒకే గీత మీద పడతాయి. ఆ గీతను వెనక్కి, డీజిల్ సున్నా అయ్యేదాకా పొడిగిస్తే పవర్ అక్షం మీద సున్నాకు ఎడమవైపు ఎక్కడో తాకుతుంది. అక్కడి నుంచి సున్నా వరకు ఉన్న దూరమే ఇంజన్ లోపలి రాపిడి మింగే పవర్. దీన్ని విల్లన్స్ లైన్ అంటారు, డీజిల్ ఇంజన్లకే పనిచేస్తుంది. పది గంటలు నడిపాక ఒకసారి, ముప్పై గంటలు నడిపాక ఒకసారి ఈ గీత గీస్తే రింగులు సర్దుకుంటున్నాయో లేదో కళ్లకు కనబడుతుంది. రాపిడి అంకె తగ్గకుండా అలాగే ఉండిపోతే పిస్టన్ క్లియరెన్స్ బిగువుగా పెట్టారేమో అడగండి.

పవర్ తక్కువ, డీజిల్ మాత్రం ఎక్కువ, పొగ నలుపు అయితే నాజిల్ కారడం, ఎయిర్ ఫిల్టర్ మూసుకోవడం, టైమింగ్ ఆలస్యం కావడం, ఈ వరుసలో చూడండి. పొగ నీలంగా ఉంటే ఆయిల్ కాలుతోంది, రింగుల పని మళ్లీ చూడాల్సిందే. పవర్ తక్కువ, డీజిల్ కూడా తక్కువ, పొగ దాదాపు కనబడకుండా శుభ్రంగా ఉందంటే రీబోర్‌తో సంబంధం లేదు, ఇంజెక్షన్ పంపు ఎలిమెంట్ అరిగి ఉండాలి, లేదా ర్యాక్ స్టాపర్ వెనక్కి సెట్ చేసి ఉండాలి, అదీ కాకపోతే డీజిల్ ఫిల్టర్ మూసుకుని ఉండాలి. పవర్, డీజిల్ రెండూ సరిగ్గా ఉన్నాయంటే మీ మెకానిక్ చెప్పింది నిజమే, సక్షన్ పైపు జాయింట్ల దగ్గర గాలి పీలుస్తోందేమో చూసి, ఇంపెల్లర్ విప్పించండి.